నాలుగు రోజులు గుడారంలో ఉంటే పెరటి మొక్కల మాటేమిటి?

ప్రశ్న: వేసవి సెలవుల్లో మేమిద్దరం, పిల్లలిద్దరూ కలిసి మూడు నాలుగు సార్లు క్యాంపింగ్‌కు వెళ్తాము. ఒక్కోసారి నాలుగైదు రోజులు గుడారంలోనే గడుస్తాయి. పెరట్లో టమాటా, బెండ, కీరదోస, బీన్స్ వేశాము. ఇంట్లో ఉన్నన్నాళ్లూ రోజూ పొద్దున్నా సాయంత్రం నీళ్లు పోస్తూనే ఉంటాము. అయినా తిరిగి వచ్చేసరికి మొక్కలు వాడిపోయి, టమాటా కాయల అడుగు నల్లబడి, కీరకాయలు చేదెక్కి ఉంటున్నాయి. తమ చేతులతో నాటిన మొక్కలను అలా చూసి పిల్లలు కంటతడి పెడుతున్నారు. ప్రయాణాలు మానుకోవాలా, తోట మానుకోవాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఏదీ మానుకోనక్కరలేదు. మీ ఉత్తరంలో 'రోజూ పొద్దున్నా సాయంత్రం' అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. మీ మొక్కల కష్టం మీరు ఊరు దాటకముందే అక్కడ మొదలైంది.

ఒకసారి ఇలా చేసి చూడండి. ఎప్పటిలాగే నీళ్లు పోసి, అరగంట ఆగి, మొక్క మొదలుకు జానెడు దూరంలో చిన్న తాపీతో మట్టిని తవ్వండి. పైన అంగుళం మేర నల్లగా తడిసి, దాని కింద మట్టి పొడిపొడిగా, వేళ్ల మధ్య నుంచి జారిపోయేలా ఉంటే విషయం మీకే అర్థమవుతుంది. పిల్లలను కూడా పక్కన కూర్చోబెట్టుకొని చూపించండి. వేర్లు తేమ ఉన్న చోటికే పోతాయి కాబట్టి, రోజూ కాసిని నీళ్లు అందే మొక్క వేర్లు పైపొరలోనే అల్లుకుంటాయి, ఎండకు అందరికంటే ముందు ఆరిపోయేది ఆ పైపొరే.

ప్రయాణానికి మూడు నాలుగు వారాల ముందు నుంచే నీళ్లు పెట్టే విరామాన్ని నెమ్మదిగా పెంచుతూ, పెట్టిన ప్రతిసారీ జానెడు లోతు తడిసేలా పెట్టండి. కూరగాయల మడికి సాధారణంగా వారానికి 25 మిల్లీమీటర్ల నీరు కావాలంటారు, అంటే చదరపు మీటరుకు 25 లీటర్లు. ఎండలు మండే రోజుల్లో ఇంతకంటే ఎక్కువే పడుతుంది. దానిని వారానికి రెండుసార్లుగా పంచి, వేకువన, పాదులో నిదానంగా ఇంకేలా పెట్టడం మంచిది. ఇసుక నేలలో తడి త్వరగా కిందికి జారిపోతుంది కాబట్టి అక్కడ విరామం కొంత తక్కువగానే ఉండాలి.

బయలుదేరే ముందు రోజు నిండుగా తడిపి, ఆ తడి మీద ఎండుగడ్డినో ఎండుటాకులనో 5 నుంచి 10 సెంటీమీటర్ల మందాన పరచండి, కాండం చుట్టూ మాత్రం కొద్దిగా ఖాళీ వదలండి. ఆ రోజు ఎరువు వేయవద్దు, ఎరువుకు లేత చిగుళ్లు పుట్టుకొచ్చి నీటిని మరింత కోరుకుంటాయి. కుండీల్లోని మొక్కలకు ఈ లెక్క కుదరదు. కుండీ మట్టి ఒక్క రోజులోనే ఆరిపోగలదు కాబట్టి వాటిని నీడకు చేర్చి దగ్గర దగ్గరగా పెట్టి, ఎవరికైనా అప్పగించక తప్పదు.

నల్లబడిన టమాటాలు తెగులు కాదు, కాబట్టి మందులు కొట్టవద్దు. కాయ అడుగుకు కాల్షియం అందకపోవడం వల్ల అలా అవుతుంది. కాల్షియం నేలలో ఉన్నా, నీటితో పాటే పైకి ప్రయాణించాలి, తడి ఒకనాడు ఎక్కువై మరునాడు కరవైతే ఆ ప్రయాణం తెగిపోతుంది. అలాంటి కాయలను తుంచేయండి, తడి నిలకడగా ఉంటే తర్వాతి కాయలు బాగానే వస్తాయి. కీర చేదుకు కారణం కుకుర్బిటాసిన్ అనే పదార్థం. నీటి ఎద్దడిలో, ఎండ దెబ్బలో అది పెరుగుతుంది, తొడిమ వైపున, తొక్క కిందా ఎక్కువగా చేరుతుంది.

నీటి గురించి ఇంత ఆలోచించే ఇళ్లలో కూడా కోత సంగతి మరచిపోతారు, నాకు అదే బాధగా ఉంటుంది. బెండకాయ రెండు మూడు రోజులు ఆలస్యమైతే ముదిరి పీచు కడుతుంది. కీర, బీన్స్ చెట్టునే ముదిరితే, విత్తనం కట్టిన మొక్క తన పని అయిపోయిందనుకున్నట్టు కొత్త పిందెలు తగ్గించేస్తుంది. అందుకని వెళ్లేనాటి ఉదయం కోతకు వచ్చినవన్నీ కోసేయండి. రంగు తిరగడం మొదలైన దోర టమాటాలు కూడా కోయవచ్చు, అవి ఇంట్లోనే చక్కగా పండుతాయి. పొరుగువారికి నీళ్లు పెట్టే పని అప్పగించేటప్పుడు, కాయలు కోసుకొమ్మని కూడా మనసారా చెప్పండి, అది వారికీ మొక్కకూ మేలు.

తిరిగి వచ్చినప్పుడు మధ్యాహ్నం ఆకులు వాలి ఉంటే కంగారుపడి కుమ్మరించకండి. మిట్టమధ్యాహ్నం ఆకు నుంచి పోయే నీటిని వేర్లు అందుకోలేక తేమ ఉన్న నేలలో కూడా మొక్క వాలుతుంది, సాయంత్రానికి తేరుకుంటుంది. మర్నాడు తెల్లవారాక కూడా వాలే ఉంటే అప్పుడు నిజంగా దాహమే.

ప్రశ్న: మా ఎనిమిదేళ్ల బాబు ఈ వేసవిలో మొదటిసారి గుడారంలో పడుకోబోతున్నాడు. వాడికి చీకటంటే భయం. పైగా మేము వెళ్లే చోట రాత్రిళ్లు చలిగా ఉంటుందట. బొగ్గుల కుంపటి గుడారం లోపల పెట్టుకోవచ్చునని మావారు అంటున్నారు. మీరేమంటారు?
– మరొక పాఠకురాలు

జవాబు: ముందు కుంపటి సంగతి. వద్దమ్మా, ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. మండే బొగ్గు నుంచి, ఆరిపోయినట్టు కనిపించే బొగ్గు నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, నిద్రలో ఉన్నవారికి మెలకువ కూడా రానివ్వకుండా ప్రాణం తీయగలదు. గుడారం తలుపు కాస్త తెరిచి ఉంచితే చాలదు, గ్యాస్ పొయ్యికీ ఇదే మాట వర్తిస్తుంది. చలి నేల నుంచి కూడా ఒంటికి ఎక్కుతుంది కాబట్టి, ఒంటి మీద దుప్పట్లు పెంచడం కంటే ముందు ఒంటి కింద దళసరి చాప వేయండి, పగలు చెమటకు తడిసిన బట్టలు విప్పించి పొడిబట్టలు తొడగండి.

ఇక భయం గురించి. ప్రయాణానికి వారం ముందు మీ పెరట్లోనే, కూరగాయల మడి పక్కన గుడారం వేసి ఒక రాత్రి బాబుతో పాటు మీరూ పడుకోండి. నడిరేయి వాడు ఇంట్లోకి పోదామంటే వెంటనే తీసుకుపొండి, బలవంతం చేయవద్దు. పడుకునే ముందు టార్చి వాడి చేతికే ఇచ్చి, పగలు చూసిన ఆకుల చిల్లులకు కారణం ఎవరో వెతకమనండి. నత్తలు, కొన్ని రకాల గొంగళిపురుగులు రాత్రిపూటే బయటికి వస్తాయి. ఆకు అంచున తడిగా మెరిసే నత్త జాడ పట్టుకొని, చివర దాని కొమ్ములు మెల్లగా లోపలికి ముడుచుకోవడం చూసిన పిల్లవాడు, ఆ తర్వాత చీకట్లో ఏదైనా చప్పుడైతే 'అమ్మా, అదేమిటి?' అని అడుగుతాడు.