టెక్ సందేహాలు: పెంపుడు కుక్క బొమ్మ గీయించాలి, ఫొటో ఎలా ఉండాలి?

ప్రశ్న: మాకు నల్ల లాబ్రడార్ ఉంది, పేరు బ్రూనో. దాని పెయింటింగ్ వేయిద్దామని ఒక ఆర్టిస్టుకు వాట్సాప్‌లో ఫొటోలు పంపాను. 'కళ్లు కనిపించడం లేదు, క్లారిటీ చాలదు, వేరేవి పంపండి' అన్నారు. నాది 50 మెగాపిక్సెల్ ఫోన్. దీనికోసం కెమెరా కొనాలా? మీరు కూడా చూస్తారని మూడు ఫొటోలు జత చేస్తున్నాను.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: కొనక్కర్లేదండీ. ఆ డబ్బుతో బొమ్మకు మంచి ఫ్రేమ్ కట్టించండి. మీ ఫొటోలకు రెండు చోట్ల దెబ్బ తగిలింది. ఒకటి పంపడంలో, రెండోది తీయడంలో.

ముందు పంపడం సంగతి. 50 మెగాపిక్సెళ్లని డబ్బా మీద రాసి ఉన్నా, చాలా ఫోన్లు నాలుగేసి పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెళ్ల ఫొటోనే ఇస్తాయి. అంటే సుమారు 4000 × 3000. మీ పనికి అది చాలు. కానీ వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ 4000 కాస్తా 1600 దగ్గరికి కుదించుకుపోతుంది. మీ రెండో ఫొటోలో బ్రూనో సోఫా మీద పడుకుని ఉన్నాడు, తల ఫ్రేములో నాలుగో వంతు కూడా లేదు. అంటే ఆర్టిస్టు చేతికి అందిన మొహం వెడల్పు 400 పిక్సెళ్లలోపే. జూమ్ చేస్తే కన్ను ఇరవై, ముప్పై పిక్సెళ్ల నల్లచుక్క. అందులో ఆయన ఏం చూసి గీస్తారు?

2023లో వాట్సాప్‌లో వచ్చిన హెచ్‌డీ గుర్తు నొక్కితే కొంత నయమే, అయినా అదీ అసలు ఫైలు కాదు. అటాచ్ గుర్తు నొక్కి, 'గ్యాలరీ' బదులు 'డాక్యుమెంట్' ఎంచుకుని పంపండి. ఫైలు ఉన్నదున్నట్టు వెళుతుంది. ఒక జాగ్రత్త: ఇలా పంపితే ఫొటో ఎక్కడ తీశారో చెప్పే లొకేషన్ కూడా దాంతోపాటే వెళ్లిపోతుంది. ముఖపరిచయం లేని ఆర్టిస్టుకు మీ ఇంటి ఆచూకీ ఎందుకు? తీసే ముందే కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆపేయండి.

ఇక తీయడం. నల్ల కుక్కతో ఫోన్‌కు పెద్ద తంటా. వెలుగు ఎంత కావాలో అది ఫ్రేములో ఉన్నదాన్నంతా చూసి లెక్కేస్తుంది. వెనక తెల్ల గోడ ఉంటే 'వెలుతురు ఎక్కువైంది' అనుకుని మొత్తం తగ్గించేస్తుంది. గోడ బాగానే వస్తుంది, బ్రూనో మాత్రం బొగ్గు ముద్దలా మిగులుతాడు. అందుకే స్క్రీన్ మీద దాని మొహాన్ని తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కాస్త పైకి జరపండి. గోడ తెల్లగా మాడిపోయినా దిగులు పడొద్దు, గోడను ఎవరూ గీయరు. నల్ల బొచ్చులో వెంట్రుకల దిశ, మెడ దగ్గర మెరుపు, చెవి మడత కనిపిస్తున్నాయా లేదా అన్నదే లెక్క. తెల్ల పొమెరేనియన్ ఉన్నవాళ్లు దీనికి తిరగేసి చేయాలి: వెలుగు తగ్గించాలి, లేకపోతే బొచ్చంతా సున్నం కొట్టినట్టు ఒకటే తెలుపవుతుంది.

ఫ్లాష్ మాత్రం వద్దు. కుక్కలకు, పిల్లులకు కంటి వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఉంటుంది. ఫ్లాష్ పడగానే కళ్లు పచ్చగానో, పసుపుగానో వెలుగుతాయి, అసలు రంగు పోతుంది. పొద్దున వరండాలో, ఎండ నేరుగా పడని చోట, మొహం బయటి వైపు ఉండేలా కూర్చోబెట్టండి. మీరూ నేల మీద కూర్చోండి, కెమెరా దాని కంటి ఎత్తులో ఉండాలి. ఇంకొకరిని మీ వెనక నిలబెట్టి బిస్కెట్ ప్యాకెట్ చప్పుడు చేయమనండి. చెవులు నిక్కబొడుచుకునేది ఒక్క క్షణమే కాబట్టి బర్స్ట్‌లో వరసగా తీయండి. తర్వాత జూమ్ చేసి కంట్లో కిటికీ వెలుగు చుక్క, కనుపాప చుట్టూ గోధుమ రంగు ఉన్న ఫొటోలు ఏరండి. అవే పంపండి. మిగతావి ఎంత ముద్దుగా ఉన్నా మీ స్టేటస్‌కే.

ప్రశ్న: మా పర్షియన్ పిల్లిని పోర్ట్రెయిట్ మోడ్‌లో తీశాను. చూడ్డానికి స్టూడియో ఫొటోలా ఉంది. ఆర్టిస్టు మాత్రం మామూలు ఫొటో అడుగుతున్నారు. ఎందుకు?
– మణికొండ, హైదరాబాద్

జవాబు: మీ ఫొటోలో మీసాలు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. ఎడమ వైపు దాదాపు లేనే లేవు కదా! పోర్ట్రెయిట్ మోడ్‌లో వెనకభాగం మసకబారేది ఎక్కువగా సాఫ్ట్‌వేర్ పనే. పిల్లి ఎక్కడ ముగుస్తుందో, గోడ ఎక్కడ మొదలవుతుందో అది అంచనా వేసుకుంటుంది. మీసాలు, చెవి అంచు బొచ్చు లాంటి సన్నటివాటి దగ్గర ఆ అంచనా తప్పి, వాటినీ గోడతో కలిపి చెరిపేస్తుంది. ఐఫోన్‌లో ఎడిట్‌లోకి వెళ్లి 'పోర్ట్రెయిట్' నొక్కితే ఆ మసక పోతుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ గ్యాలరీలో తగ్గించుకోవచ్చు. బ్యూటీ, ఫిల్టర్ల జోలికి అసలే వెళ్లొద్దు.

ఇంకోటి, మరీ దగ్గరికి వెళ్లి తీయకండి. ఫోన్ మెయిన్ లెన్స్ వెడల్పు కోణంలో చూస్తుంది కాబట్టి మొహం నిండుగా రావాలని బాగా దగ్గరికి వెళ్తాం, అంత దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. నాలుగైదు అడుగుల దూరం నుంచి 2ఎక్స్ జూమ్‌లో తీస్తే మొహం కొలతలు సరిగా వస్తాయి.

ప్రశ్న: మా నాటు కుక్క చిట్టి 2019లో చనిపోయింది. ఫేస్‌బుక్‌లో పెట్టిన రెండు ఫొటోలు, ఒక పాత ప్రింటు ఉన్నాయి. ఏఐ యాప్‌తో క్లియర్ చేసి బొమ్మ గీయించొచ్చా?
– వరంగల్

జవాబు: ఏఐ కంటే ముందు ఇల్లు వెతకండి. పాత ఫోన్, అందులోని మెమరీ కార్డు, ఆ రోజుల్లో చిట్టితో ఫొటోలు దిగిన బంధువుల ఫోన్లు చూడండి. గూగుల్ ఫొటోస్ వాడి ఉంటే అందులో 'డాగ్' అని కొట్టండి. మీరే మర్చిపోయినవి బయటపడొచ్చు. ఫేస్‌బుక్‌లో ఉన్నదాన్ని స్క్రీన్‌షాట్ తీయకుండా డౌన్‌లోడ్ చేయండి. వీడియో దొరికినా పనికొస్తుంది: 1080పీ వీడియోలో ఒక ఫ్రేము సుమారు 2 మెగాపిక్సెళ్లు, 4కె అయితే 8.

ఆ ప్రింటును ఫోన్‌తో ఫొటో తీయకండి, ట్యూబ్‌లైట్ మెరుపు పడుతుంది. జిరాక్స్ షాపులో స్కానర్ ఉంటే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయమనండి. 4 × 6 అంగుళాల ప్రింటు నుంచి 2400 × 3600 పిక్సెళ్ల ఫైలు వస్తుంది. మీ దగ్గరున్న వాటన్నిటిలో ఇదే మేలైనది కావచ్చు.

ఫొటోలో లేని వివరాన్ని ఏఐ యాప్ తిరిగి తేలేదు, కల్పిస్తుంది. చిట్టి చెవికి చిన్న చీలిక ఉందనుకోండి, దాన్ని మరకనుకుని కుట్టేస్తుంది. అది చిట్టి కాదు, చిట్టి లాంటి ఇంకో కుక్క. వాడితే వాడండి, కానీ అసలు ఫొటో కూడా పక్కనే పంపి ఏది ఏదో చెప్పండి. నుదుటి మచ్చ ఏ వైపుంది, తోక ఎటు తిరిగేది, కళ్ల రంగేమిటి, ఇవన్నీ నాలుగు ముక్కల్లో రాసివ్వండి. మొహానికి ఒక ఫొటో, రంగుకు ఒకటి, కూర్చునే తీరుకు ఇంకొకటి చూసి గీయడం ఆర్టిస్టులకు అలవాటే.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. హైదరాబాద్ ఆర్టిస్టుకు మెయిల్ చేసిన ఐఫోన్ ఫొటోలు ఆయన కంప్యూటర్లో తెరుచుకోవడం లేదట.

జవాబు: అవి హెచ్ఈఐసీ (ఐఫోన్ ఫొటోలు దాచే ఒక రకం ఫార్మాట్) ఫైళ్లు అయ్యుంటాయి. ఇకపై తీసేవాటికి సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్‌లోకి వెళ్లి 'మోస్ట్ కంపాటిబుల్' పెట్టండి, దాదాపు ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకునే జేపీఈజీలో వస్తాయి. ఉన్నవాటిని జేపీఈజీగా మార్చి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింకు పంపండి. పంపే ముందు 'ఎనీవన్ విత్ ద లింక్' పెట్టారో లేదో చూసుకోండి. లేకపోతే ఆయన యాక్సెస్ అడిగేసరికి మీకు అర్ధరాత్రి అయ్యుంటుంది.