కొట్టు కొంటానంటున్న మేనల్లుడికి

చి. శశాంక్‌కి,

ఆశీస్సులు. మీ ఊళ్లో హోమ్‌బ్రూ, అంటే ఇంట్లోనే బీరు చేసుకునే సామాన్ల కొట్టాయన రిటైరవుతున్నాడనీ, కొట్టు నీకే అప్పజెబుతానంటున్నాడనీ, ఏం చెయ్యమంటావు మావయ్యా అనీ రాశావు. గ్రీన్ కార్డు వచ్చేసింది కాబట్టి నీ కొట్లో నువ్వు నిలబడటానికి వీసా అడ్డం లేదు. అడ్డమల్లా లెక్కలే. ఇక్కడ మిన్నెసోటాలో ఇలాంటి కొట్లోనే చాన్నాళ్లు శనివారాలు కౌంటర్ దగ్గర పనిచేశాను గనుక నాకు తెలిసింది చెబుతున్నా.

ఈ కొట్లు మూతపడుతుంటే అందరూ ఆన్‌లైన్ వాళ్లని తిడతారు. అది సగం సంగతే. ఇంట్లో బీరు చేసుకోవచ్చని ఫెడరల్ చట్టం ఒప్పుకున్నది 1978 అక్టోబర్‌లో, అప్పటి ప్రెసిడెంట్ కార్టర్ సంతకంతో. పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరో అంతకంటే ఎక్కువో ఉంటే ఇంటికి 200. అప్పట్లో ఈ దేశం మొత్తమ్మీద బ్రూవరీలు, అంటే బీరు తయారుచేసే కంపెనీలు, వందకు అటూ ఇటూ. దాదాపు అన్నిట్లోనూ అదే పల్చటి లాగర్ బీరు. చిక్కటి నల్ల బీరు, స్టౌట్, కావాలన్నవాడు చచ్చినట్టు గరాజ్‌లో చేసుకునేవాడు. ఇప్పుడు బ్రూవరీలు 9 వేలు దాటాయి. కెన్ గ్రాస్‌మన్ కాలిఫోర్నియాలోని చీకోలో ముందు పెట్టింది హోమ్‌బ్రూ సామాన్ల కొట్టే, 1976లో. ఆయన సియెరా నెవాడా బ్రూవరీ ఆ తర్వాతిది. మన కొట్లలో బకెట్లు కొన్న కుర్రాళ్లు చాలామంది అదే దారి పట్టారు. మంచి బీరు వీధి చివరే దొరుకుతుంటే ఆదివారమంతా గిన్నెలు కడుక్కునేవాడు ఎవడు చెప్పు? ఇంకా చేసేవాళ్లు ఆ పనంటే ఇష్టపడి చేసేవాళ్లే. నీకు మిగిలేది వాళ్లే, వాళ్లు తక్కువమంది.

పోనీ డబ్బున్నవాళ్ల చేతిలో పడితే నిలబడుతుందా అంటే, 2016లో బడ్‌వైజర్ తయారుచేసే ఏబీ ఇన్‌బెవ్ తన అనుబంధ సంస్థ ద్వారా మా దగ్గరి నార్తర్న్ బ్రూయర్ అనే హోమ్‌బ్రూ సామాన్ల కంపెనీని కొంది. కొన్నేళ్లకే అమ్మేసింది.

ఇక గల్లాపెట్టె సంగతి. ఈ వ్యాపారంలో లాభమంతా ఒకప్పుడు కొత్తగా మొదలెట్టేవాడి దగ్గర ఉండేది. మరిగించే కెటిల్, పులియబెట్టే ఫెర్మెంటర్, కార్బాయ్ అనే పెద్ద సీసా, చక్కెర ఎంతుందో కొలిచే హైడ్రోమీటర్ అన్నీ ఒకేసారి కొనేవాడు. ఇప్పుడవన్నీ ఆన్‌లైన్లో వస్తాయి, లేదా మానేసినవాడు ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో సగం ధరకి పెడతాడు. ఏళ్ల తరబడి వచ్చే పాత కస్టమర్ కొనేదల్లా 5 గ్యాలన్ల బ్యాచ్‌కి 10, 12 పౌండ్ల మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ), చేదుకీ వాసనకీ వేసే హాప్స్ కాసిని, పులియబెట్టే ఈస్ట్ ఒక ప్యాకెట్. వాడితో అరగంట మాట్లాడాలి కూడా. ఆ బిల్లుల మీద అద్దె గడవదు.

కాబట్టి పార్సిల్లో రానిది ఏముందో చూడు. మొదటిది గ్యాస్. బీరులో బుడగల కోసం వాడే సీఓ2 (కార్బన్ డయాక్సైడ్) గ్యాస్ నింపిన సిలిండర్‌ని మామూలు పార్సిల్లో పంపడం కుదరదు, ఎక్కువమంది కొట్టుకే రావాలి. బీరు పోసిపెట్టుకునే కెగ్ పీపా ఉన్నవాడే కాదు, సోడా మెషీన్ వాడు, ఇంట్లో అక్వేరియం ఉన్నవాడు కూడా వస్తాడు. సిలిండర్ మెడ మీద కొట్టిన టెస్ట్ తేదీ చూడకుండా మాత్రం నింపకు, ఐదేళ్లు దాటితే మళ్లీ హైడ్రో టెస్ట్, అంటే నీటి ఒత్తిడి పెట్టి చూసే పరీక్ష, చేయించాల్సిందే. ఆయన కొట్టు అమ్మకాల్లో గ్యాస్ వాటా ఎంతో విడిగా అడుగు. అది బాగుంటే ఆలోచించొచ్చు, నామమాత్రంగా ఉంటే నాకు అనుమానమే.

రెండోది మాల్ట్ పట్టే మిల్లు. నన్నడిగితే కొట్టుకి ప్రాణం అదే. మాల్ట్ గింజ బియ్యపు రవ్వలా పగలాలి, పొట్టు మాత్రం వీలైనంత నిండుగా ఉండాలి. మాల్ట్‌ని వేడి నీళ్లలో నానబెట్టే మ్యాష్ టన్‌లో అడుగున ఆ పొట్టే జల్లెడ. పిండి చేశావంటే ఆ తియ్యటి రసం, వోర్ట్, కిందికి దిగదు, కస్టమర్ రాత్రి పదింటికి ఫోన్ చేస్తాడు. మరీ బరకగా పడితే చక్కెర సరిగ్గా రాదు, హైడ్రోమీటర్ రీడింగ్ తగ్గిందని నిన్నే అంటాడు. రోలర్ల మధ్య సందు 0.039 అంగుళం, అంటే ఇంచుమించు ఒక మిల్లీమీటర్, దగ్గర మొదలుపెట్టి మాల్ట్‌ని బట్టి సరిచూసుకోవాలి. సందులో దూర్చి కొలిచే ఫీలర్ గేజ్ రేకులతో రెండు చివర్లా కొలవాలి. ఒక వైపు వదులైందంటే సగం గింజ పగలకుండానే జారిపోతుంది. ఆయన ఎప్పుడు కొలిచాడో అడుగు, తడబడ్డాడంటే నువ్వే కొలుచుకో.

సరుకు లెక్క తేదీలు చూసి కట్టు. లిక్విడ్ ఈస్ట్ గడువు దాటినదానికి పైసా ఇవ్వకు. ఫ్రిజ్‌లో లేని హాప్స్, ప్యాకెట్ వదులైనవి, విప్పితే చీజ్ కంపు కొట్టేవి కూడా అంతే. మాల్ట్ బస్తాల్లో పురుగు ఉందేమో కుట్టు దగ్గర విప్పి చూడు. మూడేళ్ల టాక్స్ రిటర్న్స్ తీసుకో. "మొన్న 2020లో బ్రహ్మాండంగా అమ్మాను" అంటాడు. ఆ ఏడాది జనం ఇళ్లలో ఉండి అన్నీ చేశారు, దాన్ని పక్కన పెట్టేసి చూడు. రిటైర్‌మెంట్‌కి దాచుకున్న 401కే ముట్టుకోకు. ఇంటి మీద అప్పు తేకు. అత్తయ్య కూడా ఈ మాట రాయమని పక్కనే నిలబడింది.

మొత్తం చూసుకున్నాక కొట్టు వద్దనిపిస్తే మిల్లు, ఫ్రీజర్, పాత కస్టమర్ల లిస్టు వరకే బేరమాడు. నెలకోసారి మీ హోమ్‌బ్రూ క్లబ్బులో అందరూ కలిసి 55 పౌండ్ల మాల్ట్ బస్తాలు తెప్పించుకుని నీ గరాజ్‌లో మర పట్టుకోవచ్చు. పట్టినందుకు డబ్బు తీసుకోవాలంటే ముందు మీ కౌంటీ రూల్స్ కనుక్కో. నాకైతే ఇదే నచ్చుతుంది, కానీ నీకు కొట్టు మీద మోజు ఉందని తెలుసు.

మోజు తగ్గకపోతే లీజు కాపీ స్కాన్ చేసి పంపు. మధ్యలో వదిలి వెళ్లే క్లాజ్ ఉందో లేదో చూసి చెబుతా. అప్పటిదాకా అడ్వాన్స్ ఇవ్వకు.

మీ మావయ్య