డీజిల్ కాకుండా లారీలు ఇంతకు ముందు దేనితో నడిచాయి, అవి ఎందుకు నిలవలేదు?

లారీలకు ప్రత్యామ్నాయ ఇంధనం అనేది ఈ కాలపు ఆలోచనేనా, గతంలో వచ్చినవి ఎందుకు కనుమరుగయ్యాయి, ఇప్పటి బ్యాటరీ లారీలకూ అదే గతి పడుతుందా అని మీరు అడిగారు. విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ ఇంజన్ల పంపులు, ఇంజనులోకి ఇంధనాన్ని చిమ్మే నాజిళ్ల రిపేరు పని చేస్తూ ఓనర్ల లెక్కలూ డ్రైవర్ల కష్టాలూ ఏళ్ల తరబడి వింటున్నవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ ఇంధనాల్లో చాలావరకు ఇంజను దగ్గర ఓడిపోలేదు. వాటిని మోయడానికి బండి ఎంత లోడు వదులుకోవాలి, నింపుకోవడానికి ఎంతసేపు ఆగాలి అనే రెండు లెక్కల దగ్గరే ఓడిపోయాయి.

డీజిల్ ఇంజను లారీకి ఎక్కింది 1920లలో. అంతకు ముందు నుంచే బ్రిటన్‌లో సెంటినెల్, ఫోడెన్ కంపెనీల ఆవిరి లారీలు బొగ్గుతో నడిచేవి. బాయిలరు, బొగ్గు, నీరు కలిసి ఆ బండి ఖాళీగానే చాలా బరువు తూగేది. 1933లో అక్కడి ప్రభుత్వం బండి ఖాళీ బరువును బట్టి వేసే పన్నును బరువైన బండ్లకు బాగా పెంచేసరికి, బలానికి ఏమాత్రం లోటు లేని ఆ లారీలు గిట్టుబాటు కాక మూలపడ్డాయి.

బ్యాటరీ లారీ కూడా అంత పాతదే. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో విద్యుత్ కంపెనీ 1910లోనే బ్యాటరీ మార్పిడి పద్ధతి పెట్టింది. ఓనరు బ్యాటరీ లేని బండిని కొనుక్కుని, తిరిగిన మైళ్లను బట్టి డబ్బు కట్టేవాడు. ఛార్జింగు అయిపోతే పాతది తీసి నిండినది పెట్టేవారు. 1924 దాకా ఆ బండ్లు మొత్తం 60 లక్షల మైళ్లకు పైగా తిరిగాయి. ఆగే సమయాన్ని తగ్గించాలని నూరేళ్ల క్రితమే ఇంత చక్కగా ఆలోచించినవాళ్లు ఉన్నారని చదివినప్పుడు నాకు నిజంగా గౌరవం కలిగింది. ఇవాళ చైనాలో భారీ లారీలకు అమలు చేస్తున్నది కూడా ఈ పద్ధతే.

మన ప్రాంతానికి బాగా దగ్గరైన కథ బొగ్గు గ్యాసుది. రెండో ప్రపంచ యుద్ధంలో 1941లోనే మన దేశంలో పెట్రోలు రేషన్ మొదలైంది, మరుసటి ఏడాది బర్మా నూనె బావులు చేజారడంతో పరిస్థితి ఇంకా బిగిసింది. అప్పుడు బస్సులకూ లారీలకూ వెనుక ఒక పెద్ద ఇనుప డ్రమ్ము బిగించి, అందులో కట్టెబొగ్గు మండించి, వచ్చిన గ్యాసును వడకట్టి చల్లార్చి ఇంజనుకు పంపేవారు. మా పెదనాన్నగారు ఆ రోజుల్లో అటువంటి బండికి క్లీనరు. తెల్లవారకముందే లేచి నిన్నటి బూడిద లాగేసి, కొత్త బొగ్గు పోసి, నిప్పు అంటించి, బ్లోయరు పిడిని చేతితో తిప్పుతూనే ఉండాలట. గొట్టం చివర అగ్గిపుల్ల పెట్టి చూసి, గ్యాసు నిలకడగా నీలం మంటతో వెలిగితేనే డ్రైవరును పిలిచేవారట. ఎత్తు ఎక్కాల్సి వస్తే జనం దిగి నడిచేవారనీ, మూసిన షెడ్డులో డ్రమ్ము రాజేస్తే తలనొప్పితో కళ్లు తిరిగేవనీ ఆయన చెప్పేవారు. ఈ రెంటికీ కారణం ఆ గ్యాసులోనే ఉంది. బొగ్గు గాలిలో మండుతుంది కాబట్టి అందులో సగం వరకు దేనికీ మండని నైట్రోజనే. అందుకే పెట్రోలు ఇంజను బలం మూడో వంతు నుంచి సగం దాకా పడిపోతుంది. ఇక మండే భాగంలో ఎక్కువగా ఉండేది కార్బన్ మోనాక్సైడ్. అది ప్రాణాలు తీసే విషవాయువు. యూరప్‌లో జార్జ్ ఇంబెర్ట్ 1920లలో రూపొందించిన పద్ధతిలో నేరుగా చెక్క ముక్కలతోనే గ్యాసు తీశారు. యుద్ధం ముగిసే నాటికి జర్మనీలో ఇటువంటి వాహనాలు సుమారు 5 లక్షలు ఉండేవి. పెట్రోలు మళ్లీ దొరకగానే అన్నిచోట్లా ఆ డ్రమ్ములు విప్పేశారు. రోజూ గంటల తరబడి మసితో పనిచేసిన మనుషులు దాన్ని వదిలించుకోవడాన్ని నేను ఎప్పటికీ తప్పుపట్టలేను.

ఇంజను దగ్గరే ఓడినది నేను చూసినంతలో ఒక్కటే, అది శుద్ధి చేయని మొక్కల నూనె. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపిన మాట నిజమే. ఆంధ్రప్రదేశ్‌లో కానుగ మొక్కలు విరివిగా నాటించిన రోజుల్లో ఒక ఓనరు గానుగ ఆడించిన కానుగ నూనెను అలాగే డీజిల్‌లో కలిపి వాడి, బండి పికప్ పోయిందని మా షాపుకు తెచ్చారు. నాజిల్ విప్పి టెస్టరు మీద పెట్టి పిడి నొక్కితే, మంచులా చిమ్మవలసిన నూనె సన్నటి ధారగా కారింది; మొన మీద జిగురుతో కలిసి మసి గట్టిగా పట్టి ఉంది. పచ్చి నూనె డీజిల్ కంటే దాదాపు పది రెట్లు చిక్కన. మిథనాల్‌తో చర్య జరిపి గ్లిజరిన్‌ను వేరుచేసి బయోడీజిల్‌గా మార్చాకనే అది ఇంజనుకు పనికొస్తుంది.

సహజవాయువు విషయంలో మళ్లీ చోటు, సమయం లెక్కలే ముందుకొస్తాయి. సుప్రీంకోర్టు 1998లో ఇచ్చిన ఆదేశంతో ఢిల్లీ బస్సులు సీఎన్‌జీకి మారగలిగాయంటే, అవి ప్రతి రాత్రి సొంత డిపోకు చేరడమే ముఖ్య కారణమని నా నమ్మకం. 200 బార్, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్ల ఒత్తిడిలో కుదించినా ఆ గ్యాసు అదే చోటులో పట్టే డీజిల్ శక్తిలో పావు వంతే ఇస్తుంది, పైగా సిలిండర్ల బరువు అదనం. మైనస్ 162 డిగ్రీల వద్ద ద్రవంగా మార్చిన ఎల్‌ఎన్‌జీ చోటును బాగా ఆదా చేస్తుంది కాబట్టి దూరప్రయాణాలకు సరిపోతుంది, కానీ దారి పొడవునా బంకులు ఉండాలి, బండి రోజుల తరబడి నిలబడితే గ్యాసు ఆవిరై పోతుంది. హైడ్రోజన్ లారీలు మన దేశంలో ఇంకా పరీక్షల దశలోనే ఉన్నాయి. టాటా మోటార్స్ 2025 మార్చిలో 16 బండ్లతో ఆ పరీక్షలు మొదలుపెట్టింది.

ఇక మీ చివరి ప్రశ్న. 300 లీటర్ల డీజిల్ బరువు సుమారు 250 కిలోలు, అందులోంచి ఇంజను తీయగల పని సుమారు 1,200 యూనిట్లు. 300 యూనిట్ల బ్యాటరీ ఒక్కటే దాదాపు 2 టన్నులు తూగుతుంది. మోటారు కరెంటును బాగా తక్కువ నష్టంతో వాడుకుంటుంది కానీ ఈ తేడా పూడదు. అందుకే యూరప్‌లో 2019లో ఇటువంటి లారీలకు 2 టన్నుల అదనపు బరువుకు అనుమతి ఇచ్చారు. ఆవిరి లారీని 1933లో చంపిన లెక్కే ఇక్కడ బ్యాటరీ లారీకి ఊపిరి పోస్తోంది. హైదరాబాద్‌కు చెందిన ఒలెక్ట్రా తయారుచేసిన ఎలక్ట్రిక్ టిప్పరు వంటివి క్వారీల్లో, గనుల్లో, ఓడరేవుల్లో నిలదొక్కుకుంటాయని నా అంచనా, ఎందుకంటే అక్కడ దూరం తక్కువ, రూటు మారదు, లోడింగు కోసం ఆగేచోటే ఛార్జింగు పెట్టుకోవచ్చు. విజయవాడలో లోడు ఎత్తి కోల్‌కతాలో దించి, రిటర్న్ లోడు ఎక్కడ దొరికితే అక్కడికి మళ్లే లారీకి మాత్రం ఇప్పటికి డీజిల్, హైవే మీద బంకులు పెరిగితే ఎల్‌ఎన్‌జీ.