ఫొటో సందేహాలు: అందరూ తీసే తోరణం

ప్రశ్న: ఖిలా వరంగల్ తోరణం, వేయిస్తంభాల గుడి, భద్రకాళి చెరువు... ఎన్నిసార్లు తీసినా అందరూ పెట్టే ఫొటోలాగే వస్తోంది. కొత్త ఆలోచన తట్టడం లేదు. నాకంటూ ఒక శైలి ఎట్లా వస్తుంది?
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: అందరూ నిలబడే చోటే నిలబడి, అందరూ వచ్చే వేళకే వచ్చి, కంటి ఎత్తులోనే కెమెరా పెడితే ఇంకోలా ఎలా వస్తుంది? ఎంత దూరంలో నిలబడతారు, ఎంత ఎత్తు నుంచి చూస్తారు, ఏ వెలుతురు కోసం ఆగుతారు, ఫ్రేములోకి ఏం రానివ్వరు - ఈ నాలుగింటిలో మీరు పదేపదే చేసే ఎంపికే మీ శైలి. అది మీ పాత ఫొటోల్లో ఇప్పటికే కొంత ఉంటుంది. ముందు అక్కడ వెతకండి.

గత ఏడాది తీసినవాటిలో ఒక 40 ఏరి, ల్యాబ్‌లో 4×6 ప్రింట్లు వేయించండి. ఫోన్ తెర మీద ఈ పని కుదరదు. ఒకటి చూసేలోపు ముందుది మరిచిపోతాం. లైకుల సంగతి పక్కనపెట్టి, నేల మీద పరిచి కుప్పలు చేయండి: దగ్గర నుంచి తీసినవి, దూరం నుంచి తీసినవి, మనుషులున్నవి, లేనివి, ఎదురెండవి, నీడవి. ఏదో ఒక కుప్ప తప్పకుండా పెద్దదవుతుంది. గుళ్లు తీస్తున్నామనుకునేవాళ్ల దగ్గర గుడి మెట్ల మీద కూర్చున్న మనుషులే ఎక్కువ తేలడం మామూలే. ఇకపై ఆ కుప్పనే పెంచండి.

తర్వాత నెల రోజులు ఒకటే ఫోకల్ లెంగ్త్, అంటే లెన్స్ ఎంత దగ్గరగా చూపాలో చెప్పే ఎంఎం అంకె. పెద్ద సెన్సర్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరా అయితే 50 ఎంఎం, అంతకంటే చిన్న సెన్సర్ ఉండే ఏపీఎస్-సీ అయితే 35. కొత్త లెన్స్ కొననక్కర్లేదు, కెమెరాతో వచ్చిన కిట్ లెన్స్‌ను ఆ అంకె దగ్గర పెట్టి జూమ్ రింగ్‌కు టేపు అంటించండి. ఫోన్ అయితే 1ఎక్స్ దాటకండి. ఒకే చోటికి వేర్వేరు వేళల్లో వెళ్లండి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు తోరణం మీది హంసల చెక్కడం చదునుగా పడుతుంది. పొద్దు వాలాక పక్క నుంచి వెలుతురు తగిలితే అవే హంసలు రాయి నుంచి లేచి వస్తాయి.

ఇతరుల పనీ చూడండి. వరంగల్‌లోనే పుట్టిన ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ తెలంగాణ పల్లె బతుకును, బతుకమ్మను ఏళ్ల తరబడి తీశారు. నచ్చిన ఒక్క ఫొటో తీసుకుని, ఆయన ఎక్కడ నిలబడి ఉంటారో, వెలుతురు ఎటు నుంచి పడిందో కాగితం మీద గీయండి. వంద ఫొటోలు వేలితో తోసుకుంటూ పోవడం కంటే ఇది నయం.

ప్రశ్న: ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి రాశులు తీస్తే ఎర్రటి ముద్దలా వస్తున్నాయి. కాయకు, కాయకు తేడా తెలియడం లేదు.
- ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: ఎరుపు ఒక్కటే నిండిపోతోంది. మామూలు హిస్టోగ్రామ్ (వెలుతురు ఎంత పడిందో చూపే గ్రాఫ్) బాగానే కనిపించినా ఎరుపు చానల్ (ఎరుపు ఒక్కదాని గ్రాఫ్) కుడి గోడకు గుద్దుకుని ఉంటుంది. అక్కడ పోయిన వివరం మళ్లీ తేలేం. మూడు రంగులూ విడిగా చూపే హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎక్స్‌పోజర్ -0.7 నుంచి -1 వరకు దించండి. పిక్చర్ ప్రొఫైల్ వివిడ్‌లో ఉంటే న్యూట్రల్‌కు మార్చండి, వీలైతే కెమెరా సవరించకుండా దాచే రా ఫార్మాట్‌లో తీయండి. రంగులను తనంతట తనే సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ అంత ఎరుపు చూసి తికమకపడి నీలం కలుపుతుంది, ఆరుబయట దాన్ని 5200 కెల్విన్ (పగటి వెలుతురు) దగ్గర కట్టేయండి. మరొకటి, యార్డులో లెన్స్ మార్చొద్దు. ఆ దుమ్ము సెన్సర్‌కూ మంచిది కాదు, మీ కళ్లకూ కాదు. బస్తాలు మోసే హమాలీలకు అడ్డం నిలబడకుండా, రైతును అడిగి తీయండి.

ప్రశ్న: డబ్బులు పెట్టి ప్రిసెట్లు (ఒక్క నొక్కుతో ఫొటో రంగులు మార్చే రెడీమేడ్ సెట్టింగులు) కొన్నా. అన్నిటికీ అదే వేస్తే శైలి వచ్చినట్టేనా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: రాదు. ఆ ప్రిసెట్ ఇంకెవరి కెమెరాకో, ఇంకెక్కడి వెలుతురుకో కట్టింది. నారింజ రంగును ఎత్తే ప్రిసెట్ మన చామనఛాయ ముఖాల మీద పసుపు పూసినట్టు చేస్తుంది. ముందు వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్ సరిచేసి, తర్వాత సగం మోతాదులో వేసి చూడండి.

ప్రశ్న: సద్దుల బతుకమ్మ రోజు రాత్రి ఆట తీస్తే అంతా చెదిరిపోయింది, పైగా నల్ల చారలు.
- ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: చారలు ఎల్‌ఈడీ లైట్ల పని. మన కరెంటు 50 హెర్ట్జ్, చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. షట్టర్ వేగం సెకనులో 1/50 లేదా 1/100 వంతు పెట్టి, సైలెంట్ (ఎలక్ట్రానిక్) షట్టర్ ఆపేసి మెకానికల్ వాడండి. షట్టర్ 1/100, లెన్స్ ద్వారం ఎఫ్/2, సెన్సర్ సున్నితత్వం ఐఎస్‌ఓ 3200తో మొదలుపెట్టండి. చప్పట్లు కొట్టే చేతులు కాస్త చెదిరినా ముఖాలు నిలుస్తాయి. కదలికే కావాలనుకుంటే 1/15కు దించి, వలయంలో ఒక్కరినే ఎంచుకుని ఆమె నడకతోపాటే కెమెరా తిప్పండి. పదింట్లో ఎనిమిది పోతాయి, అది లెక్కలో వేసుకోండి. నడుమ పెట్టిన బతుకమ్మల మీద మాత్రం ఫ్లాష్ వేయొద్దు, తంగేడు పూల పసుపు తెల్లగా పాలిపోతుంది.