నల్లేరు పచ్చడి చేస్తే గొంతు దురద పెట్టింది, ఎక్కడ తప్పు జరిగింది? ఎముకలకి నిజంగా మంచిదేనా?

దురద పెట్టిందంటే మీరు ముదురు కాడలు వేసింటారు, లేదంటే సరిగ్గా వేగకముందే దించేసింటారు. మాది కడప పక్కన పల్లె. పాలకొండల కింద కంపల మీద నల్లేరు అల్లుకోని ఉంటాది, మా జేజి వానలు పడినాక పోయి చివరి లేత కాడలు మాత్రమే తుంచుకొచ్చేది. గిల్లితే పుటుక్కున తెగాల, నార సాగిందంటే అక్కడే పారేసేది.

పెళ్ళైన కొత్తల్లో నేను ఒక్కదాన్నే చేసినప్పుడు ఇవన్నీ చూసుకోలేదు, లేతవీ ముదురువీ కలిపి తరిగేసినా, చేతులకి నూనె కూడా పూసుకోలేదు. చేతులు మండినాయి, ఇంట్లో అందరికీ గొంతు పట్టేసింది, మా మామ రాత్రి నిద్ర లేకుండా మజ్జిగ తాగుతా కూర్చున్నాడు. చానా బాధేసింది నాకు. చేమగడ్డలో, కందగడ్డలో ఉన్నట్టే దీంట్లో కూడా కాల్షియం ఆక్సలేట్ అని సన్నటి సూదుల్లాంటివి ఉంటాయి, గుచ్చుకునేది అవే. కందకి పులుపు ఎట్లా తగలాలో దీనికీ అట్లే తగలాల.

ఇప్పుడు నేనైతే చేతులకి నూనె పూసుకోని, గణుపులు కోసి పడేసి, నాలుగు అంచుల నార లాగేసి చిన్న ముక్కలు చేస్తా. రెండు గుప్పిళ్ళ ముక్కలకి పెద్ద నిమ్మకాయంత చింతపండు, పది ఒట్టి మిరపకాయలు, రెండు స్పూన్లు ఉద్దిబేడలు (మినప్పప్పు), గుప్పెడు చెనిగ్గింజలు (పల్లీలు), నాలుగు తెల్లగడ్డ పాయలు, కొంచెం బెల్లం. ముక్కల్ని మాత్రం విడిగా, నూనె కాస్త ఎక్కువే పోసి సన్న మంట మీద పచ్చ రంగు పూర్తిగా పోయి ముడుచుకునే దాకా వేయించాల, పావుగంట పైనే పడతాది, ఇక్కడ తొందరపడితే మళ్ళీ దురదే. రోట్లో నూరితే రుచి వేరు, మిక్సీ అయినా పర్లేదు. రాగిసంగటిలో నెయ్యేసుకోని తినండి.

ఎముకల సంగతంటారా, సంస్కృతంలో దీని పేరే అస్థిసంహారకం, అంటే ఎముకల్ని అతికించేదని, ఆయుర్వేదంలో ఎముకలు విరిగినప్పుడు వాడే లాక్షాది గుగ్గులులో లక్క, తెల్లమద్ది, అశ్వగంధతో పాటు ఇదీ పడతాది. కానీ మా అత్త జారిపడి మణికట్టు విరిగినప్పుడు ఊర్లో వాళ్ళు నల్లేరు నూరి కట్టు కట్టండి చాలు అంటే నేను ఒప్పుకోలేదు, ఎక్స్‌రే తీయించి పిండికట్టు వేయించినాం. పచ్చడి వారానికి రెండు సార్లు పెట్టినా, ఆమె ఇష్టంగా తినింది, అయితే ఎముక అతుక్కునింది పచ్చడి వల్లే అని నేను ఎవరికీ చెప్పను. విరిగిన చెయ్యి పెట్టుకోని పచ్చడి మీద ఆధారపడొద్దు దయచేసి.

కిడ్నీలో రాళ్ళున్నోళ్ళు తినకపోవడమే మేలు, ఆక్సలేట్ కదా. కడుపుతో ఉన్నోళ్ళు, రోజూ మాత్రలేసుకునేవాళ్ళు డాక్టర్ని అడిగే తినండి. మొదటిసారి ఎవరికి పెట్టినా ఉసిరికాయంత పెట్టి ఆ పూటకి చూడండి, గొంతు బాగుంటే మరుసటి రోజు ఇంకొంచెం.