పెద్దల యుద్ధసేవకు గుర్తుగా కొత్త సంగీతం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ముత్తాతగారు మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేశారు. ఆయన జ్ఞాపకార్థం ఒక కొత్త స్వరరచన చేయించాలనుకుంటున్నాం. ముందు మంచి స్వరకర్తను వెతుక్కోవాలా?

జవాబు: ముందు వాయించేవాళ్ళను వెతుక్కోండి. ఏ వాద్యాలు, ఎంతమంది, వాళ్ళ స్థాయి ఏమిటి, ఎన్ని రిహార్సళ్ళు కుదురుతాయి, ఏ హాలులో? ఇవి తేలకుండా స్వరకర్త దగ్గరికి వెళితే ఆయన తన మనసులో ఉన్న మేటి బృందానికి రాస్తారు. తీరా మీకు దొరికేది వారానికోసారి కలిసే ఔత్సాహిక గాయకబృందం. ఇలా రాయించిన రచనలు చాలావరకు ఒక్కసారి పాడించుకుని బీరువాలో పడుకుంటాయి. ఇద్దరు ముగ్గురు కళాకారులతో అయిపోయే రచనైతే తర్వాత ఎవరైనా, ఎక్కడైనా మళ్ళీ ఎత్తుకోగలరు. పెద్ద వాద్యబృందం మీద మోజు పడకండి.

నిడివి నాలుగు నుంచి ఆరు నిమిషాలు చాలు. నిమిషానికి 60 లెక్కల నడకలో, నాలుగు లెక్కల తాళంలో, ఐదు నిమిషాలంటే 75 బార్లు (తాళం ఆవర్తనాలు). పాట అయితే 8 నుంచి 12 పాదాల సాహిత్యం సరిపోతుంది. విలంబంలో పాడితే చదివినదానికి రెండు మూడింతల సమయం పడుతుంది. ఇరవై పాదాల కవిత ఇచ్చి ఐదు నిమిషాల్లో ముగించమంటే మాటలు పరుగెత్తుతాయి.

కార్యక్రమం తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ఔత్సాహిక బృందానికి మూడు నెలల ముందు, వృత్తి కళాకారులకు కనీసం నెల ముందు స్కోరు (అన్ని వాద్యాల స్వరాలూ కలిపి రాసిన ప్రతి) చేతికందాలి. రాయడానికి ఐదారు నెలలు. సమాచారం సేకరించి ఒప్పందం రాసుకోవడానికి రెండు నెలలు. మొత్తం ఏడాది అనుకోండి. సంస్మరణ తేదీని వెనక్కి జరపలేం కాబట్టి స్వరకర్త ఆలస్యం చేసిన ప్రతి వారమూ రిహార్సళ్ళ నుంచే పోతుంది.

ప్రశ్న: స్వరకర్తకు ఏ వివరాలు ఇవ్వాలి? మా దగ్గర ఇంట్లో చెప్పుకునే మాటలే తప్ప కాగితాలు పెద్దగా లేవు.

జవాబు: రెండు పేజీలు మించొద్దు. పేరు, సర్వీసు నంబరు, దళం, తేదీలు, పనిచేసిన చోట్లు ఒక పేజీ. ఉత్తరంలోని రెండు మూడు వాక్యాలు, ఆయన పాడుకునే పాట, చేసిన పని వంటివి రెండో పేజీ. రుజువున్నవీ, ఇంట్లో అనుకునేవీ వేరువేరుగా రాయండి. ముఖ్యంగా రచన పేరులో రుజువు లేని యుద్ధరంగం పేరు పెట్టకండి. ముద్రించిన స్కోరు మీద తప్పు ఒకసారి పడితే కార్యక్రమ పత్రంలోకీ, రికార్డింగు వివరాల్లోకీ అదే పాకుతుంది.

రికార్డులు దొరకలేదంటే ఆయన సైన్యంలో లేరని కాదు. మొదటి యుద్ధంలో పనిచేసిన బ్రిటిష్ సైనికుల సర్వీసు పత్రాల్లో ఎక్కువ భాగం 1940 బాంబుదాడిలో లండన్‌లో కాలిపోయాయి. అమెరికాలో 1973లో సెయింట్ లూయిస్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కోటీ అరవై లక్షలకు పైగా సైనికుల ఫైళ్ళు నాశనమయ్యాయి. అలాంటప్పుడు పతకాల జాబితాలు, దళాల యుద్ధ దినచర్యలు (ఏ రోజు ఏం జరిగిందో దళం రాసుకున్న పుస్తకాలు) చూడాలి. బ్రిటిష్ దళాల దినచర్యలు లండన్‌లో క్యూ అనే చోట ఉన్న జాతీయ ఆర్కైవ్స్‌లో (పాత ప్రభుత్వ పత్రాల భాండాగారం) ఉన్నాయి. వాటిలో అధికారుల పేర్లుంటాయి కానీ మామూలు సిపాయి పేరు అరుదు. ఆ రోజు ఆ దళం ఎక్కడుందో మాత్రం తెలుస్తుంది, స్వరకర్తకు అది చాలు.

కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాను ఉచితంగా వెతకవచ్చు. అందులో ఉండేది ప్రాణాలు కోల్పోయినవాళ్ళే. అదీ మొదటి యుద్ధానికి 4 ఆగస్టు 1914 నుంచి 31 ఆగస్టు 1921 వరకు, రెండో యుద్ధానికి 3 సెప్టెంబరు 1939 నుంచి 31 డిసెంబరు 1947 వరకు. క్షేమంగా ఇంటికొచ్చి ఎన్నో ఏళ్ళు బతికిన మనిషి కోసం అక్కడ వెతకడం వృథా.

ప్రశ్న: రచనలో బ్యూగిల్, బ్యాగ్‌పైప్ రెండూ ఉండాలని మా బాబాయిగారి పట్టుదల. కుదురుతుందా?

జవాబు: బ్యూగిల్, అంటే సైన్యంలో పిలుపులకు ఊదే చిన్న బాకా, కుదురుతుంది, హద్దులు తెలిస్తే. దానికి మీటలుండవు. ఊదేవారి పెదవుల బిగువు మీదే స్వరం మారుతుంది, సైనిక పిలుపులన్నీ ఐదు స్వరాల్లోనే నడుస్తాయి. మామూలుగా దొరికేది బి ఫ్లాట్ (పాశ్చాత్య సంగీతంలో ఒక శ్రుతి) బ్యూగిల్. రచన ఇంకో శ్రుతిలో ఉంటే అది కలవదు. బ్యూగిల్ వచ్చే చోటికి రచనను బి ఫ్లాట్‌కు తేవాలి, లేదా మిగతావాళ్ళు ఆగి దాన్ని ఒంటరిగా వినిపించనివ్వాలి. రెండోదే మేలు. హాలు వెనకో పక్క గదిలోనో నిలబెడితే ఊదేవారికి సంజ్ఞ ఎవరిస్తారో ముందే తేల్చండి. అక్కడికి బృందాన్ని నడిపించే కండక్టరు చేయి కనబడదు.

బ్యాగ్‌పైప్‌తో (గాలి తిత్తి ఉన్న వాద్యం) చిక్కెక్కువ. స్కాటిష్ పైపుకు తొమ్మిది స్వరాలే, కింద శ్రుతి ఎడతెగకుండా మోగుతూనే ఉంటుంది, ధ్వని తగ్గించి వాయించడమనేది లేదు. పైగా స్కోరులో ఎ అని రాసిన స్వరం వినబడేది బి ఫ్లాట్ దగ్గర, అదీ తరచు 470 హెర్ట్జ్ (సెకనుకు కంపనాలు) దాటి. పియానోలో ఆ బి ఫ్లాట్ 466. ఆ తేడాకే చెవి చివుక్కుమంటుంది. వయొలిన్లు శ్రుతి పెంచుకోగలవు, పియానో, ఆర్గన్ పెంచుకోలేవు. పైపును చివర్లో విడిగా, వాయిస్తూ నడిచి బయటికి వెళ్ళేలా పెట్టుకోమని బాబాయిగారికి నచ్చజెప్పండి.

ప్రశ్న: డబ్బిచ్చి రాయించుకున్నాం కాబట్టి రచన మా సొంతమేనా?

జవాబు: కాదు. మీరిచ్చేది రాసిన శ్రమకు. కాపీరైటును బదిలీ చేస్తున్నట్టు రాసుకుంటే తప్ప అది సాధారణంగా స్వరకర్తదే. మీకు రావలసినవి ఒప్పందంలో ఒక్కొక్కటిగా రాయించుకోండి: అంకితం వాక్యం, అక్షరం మారకుండా. తొలి ప్రదర్శన హక్కు. ఒక రికార్డింగుకు అనుమతి. స్కోరు, పార్టుల (ఒక్కో వాద్యానికి విడిగా రాసిన స్వరాలు) ప్రతులు. చెల్లింపు మూడు వాయిదాల్లో, అంటే సంతకమప్పుడు, చిత్తుప్రతి అందినప్పుడు, పూర్తి పార్టులు అందినప్పుడు అయితే ఇద్దరికీ ధీమా. పార్టులు విడదీసి రాయించే ఖర్చు ఎవరిదో చాలామంది మరిచిపోతారు, గొడవంతా అక్కడే వస్తుంది. స్వరకర్త మాట తప్పితే ఏమిటి, కార్యక్రమమే రద్దయితే ఏమిటి అన్నవి కూడా రాయండి. కళాకారుల పారితోషికం, హాలు, రికార్డింగు వేరే లెక్క.

తొలి ప్రదర్శన హక్కు ఏడాదికి మించి అట్టిపెట్టుకోకండి. మొదటి యుద్ధంలో కుడిచేయి పోగొట్టుకున్న వియన్నా పియానిస్టు పాల్ విట్‌గెన్‌స్టైన్ ఒంటిచేతికి సరిపడే రచనలు పెద్ద పెద్దవాళ్ళ చేత రాయించుకున్నారు. 1923లో జర్మన్ స్వరకర్త హిండెమిత్ రాసినది విట్‌గెన్‌స్టైన్ వాయించనూ లేదు, వేరొకరికి ఇవ్వనూ లేదు. అది లోకం విన్నది 2004లో. రష్యన్ స్వరకర్త ప్రొకోఫియెవ్ 1931లో పూర్తిచేసిన నాలుగో పియానో కన్చెర్టోనూ (పియానో, వాద్యబృందం కలిసి వాయించే రచన) పక్కన పెట్టారు. యుద్ధంలో చేయి పోయిన మరో పియానిస్టు 1956లో దాన్ని వినిపించే నాటికి ప్రొకోఫియెవ్ లేరు.

ఉత్తరాలను పాటగా కడుతున్నట్లయితే ఇంకో మాట. కాగితం మీ చేతిలో ఉన్నా అందులోని మాటల హక్కు రాసినవారి వారసులందరిదీ. అచ్చుకాని రాతలకు కాపీరైటు గడువు లెక్క కొన్ని దేశాల్లో వేరుగా ఉంటుంది. అందుకే దాయాదులందరి సంతకాలూ ముందే తీసుకోండి. ప్రదర్శన దగ్గరపడ్డాక ఒకరు అడ్డుచెబితే సాహిత్యం మార్చడం అయ్యే పని కాదు.

ప్రశ్న: ఇలాంటి రచన విషాదంగానే ఉండాలా?

జవాబు: అక్కర్లేదు. ఫ్రెంచ్ స్వరకర్త రవెల్ 1914-17 మధ్య రాసిన ‘కుపెరాఁ సమాధి’ అనే పియానో రచనలో ఆరు భాగాలూ ఆ యుద్ధంలో పోయిన మిత్రులకే అంకితం. అందులో సగం నాట్యగతులు. స్వరకర్తకు ‘విషాదంగా కావాలి’ అని చెప్పేకన్నా ఆ మనిషి ఎలాంటివారో చెప్పండి. తుపాకుల మోత డప్పుల మీద వినిపించమని అడక్కండి, అది చవకబారుగా తేలుతుంది.

ప్రశ్న: మేం కర్ణాటక పద్ధతిలో చేయించుకుంటున్నాం. స్వరాలు రాయించి పెట్టుకుంటే చాలా?

జవాబు: చాలదు. రాతలో గమకాలు నిలవవు. రాగం, తాళం, శ్రుతితో స్వరసాహిత్యం రాయించి, స్వరకర్త చేతనే రెండుసార్లు పాడించి రికార్డు చేయండి: ఒకసారి నెమ్మదిగా ముక్కముక్కగా, ఒకసారి అసలు నడకలో. ఆ రికార్డును నేర్చుకునేవాళ్ళకు పంచే అనుమతిని కూడా ఒప్పందంలోనే చేర్చుకోండి.