ఇండెక్స్ ఉన్నా డేటాబేస్ టేబుల్ మొత్తం ఎందుకు చదువుతుంది?

ఊరి పేరు కాలమ్‌కు ఇండెక్స్ (పుస్తకం చివరి సూచికలా, ఏ విలువ ఎక్కడుందో చెప్పే జాబితా) పెట్టినా పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ దాన్ని ఎందుకు వాడటం లేదని ఒకరు అడిగారు. చాలాసార్లు అది సరైన నిర్ణయమే.

డేటాబేస్‌ను అడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో ఏం కావాలో చెబుతాం, ఎలా తేవాలో చెప్పం. ఆ దారిని డేటాబేస్‌లోని ప్లానర్ అనే భాగం వెతుకుతుంది. ఒక్కో మార్గానికీ ఖర్చు అంచనా కట్టి, చవకైనదాన్ని ఎంచుకుంటుంది. ఈ పద్ధతిని 1979లో ఐబీఎంలో సిస్టమ్ ఆర్ అనే ప్రయోగాత్మక డేటాబేస్ బృందం వివరించింది.

బరంపురంలో ఒక పట్టుచీరల దుకాణం బిల్లుల డేటాబేస్ నేను చూస్తాను. పదింట తొమ్మిది బిల్లులు ఆ ఊరివే. 'బరంపురం' అని అడిగితే ఇండెక్స్ పట్టుకుని పేజీ (డిస్క్ మీద కొన్ని వరుసలుండే ముక్క) నుంచి పేజీకి గెంతడం కంటే టేబుల్‌ను వరుసగా చదవడమే మేలు. డిఫాల్ట్ లెక్కలో వరుసగా చదివే పేజీకి ఖర్చు 1, చెదురుగా ఉన్న పేజీకి 4. అదే 'పర్లాకిమిడి' అంటే పట్టుమని యాభై బిల్లులు లేవు, వెంటనే ఇండెక్స్ అందుకుంటుంది.

ఈ అంచనాలకు ఆధారం టేబుల్ నుంచి ముందే సేకరించిన గణాంకాలు; అసలు చిక్కు అవి పాతబడినప్పుడు వస్తుంది. దసరా ముందు పాత బిల్లులు ఒకేసారి ఎక్కించాం. ఆ వెంటనే నడిపిన క్వెరీ ఎంతకీ తెమలలేదు. ప్లానర్ ఎంచుకున్న దారిని, దాని అంచనాలను, అసలు ఫలితాలను చూపే 'ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్' పెట్టి చూస్తే అంచనా 40 వరుసలు, వచ్చినవి 38,000! టేబుల్ మీద గణాంకాలను తిరిగి సేకరించే 'ఎనలైజ్' నడపగానే, రెండు టేబుళ్లను కలిపే పద్ధతి మారింది: ఒక్కో వరుసకూ రెండో టేబుల్‌లో వెతికే నెస్టెడ్ లూప్ పోయి, ఒక టేబుల్‌తో ముందే పట్టిక కట్టుకుని జత చూసే హాష్ జాయిన్ వచ్చింది.

కాబట్టి సెట్టింగులు మార్చే ముందు అంచనా వరుసలు, వచ్చిన వరుసలు అనే ఆ రెండు అంకెలూ పోల్చండి. ఒక జాగ్రత్త: 'ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్' క్వెరీని నిజంగానే నడుపుతుంది. డిలీట్ మీద పెడితే డేటా పోతుంది; ట్రాన్సాక్షన్‌లో (ఖాయం చేసేదాకా వెనక్కి తీసుకోగల మార్పుల గుంపు) నడిపి రోల్‌బ్యాక్ చేయండి, అంటే ఆ మార్పుల్ని రద్దు చేయండి.